ధర–ఆర్జన నిష్పత్తి

ఒక కంపెనీ వాటా విపణిలో పలుకు ధరను, ఆ వాటాకు ఒక సంవత్సరకాలమున దక్కిన నికర ఆర్జనచే భాగింపగా వచ్చు సంఖ్యకు ధర–ఆర్జన నిష్పత్తి యని పేరు. స్టాకు మార్కెట్టు వ్యవహర్తలు దీనిని 'పీఈ' యని పొట్టిగా పేర్కొందురు. కంపెనీ ఆర్జించు ఒక్కొక్క రూపాయికి గాను మదుపుదారులు ఎన్ని రూపాయలు వెచ్చించుటకు సిద్ధపడుచున్నారో ఈ సంఖ్య తెలుపును. దీనిని తలక్రిందులు చేసి, ఆర్జనను ధరచే భాగించినచో వచ్చునది ఆర్జన రాబడి: నిష్పత్తి 20 అయినపుడు ఆర్జన రాబడి 5 శాతము, నిష్పత్తి 10 అయినపుడు 10 శాతము.

వాటాల విలువ కట్టుటకు వాడుకలో నున్న కొలతలన్నింటిలో ఇది మిక్కిలి ప్రచారము గలది. దినపత్రికల వాణిజ్య పుటలలోను, దళారుల నివేదికలలోను, కొత్త వాటాల ఆఫరు పత్రములలోను ఇది నిత్యము కనబడుచుండును. కాని ఈ భాగహారములోని రెండు అంకెల స్వభావము ఒకటి కాదు. లవమైన ధర అమ్మువానికిని కొనువానికిని కుదిరిన బేరము. దానిని ఎవరైనను తెలిసికొనవచ్చును. హారమైన ఆర్జన, తరుగుదలను గూర్చియు, రాని బాకీలను గూర్చియు, సరకు నిల్వల విలువను గూర్చియు అనేక నిర్ణయములు చేసిన పిమ్మట గణకులు తేల్చు ఫలితము. అందుచేత నిష్పత్తిని గూర్చిన వివాదములలో పెక్కింటికి మూలము హారమునందే యున్నది.

లెక్క కట్టు విధము

ముడిసరకులు, జీతములు, తరుగుదల, వడ్డీ, పన్ను మున్నగు సమస్త వ్యయములను మినహాయించిన పిమ్మట మిగులునది నికర లాభము. అందుండి ప్రిఫరెన్సు వాటాల డివిడెండును తీసివేసి, శేషమును ఆ సంవత్సరమున చెలామణిలో నున్న సాధారణ వాటాల సగటు సంఖ్యచే భాగింపగా వాటా ఒక్కింటికి ఆర్జన, అనగా వ్యవహారమున 'ఈపీఎస్', తేలును. ఒక కంపెనీకి 48 కోట్ల రూపాయల నికర లాభమును, 4 కోట్ల వాటాలును ఉన్నవనుకొనినచో ఆర్జన వాటాకు 12 రూపాయలు. వాటా 240 రూపాయలకు అమ్ముడుపోవుచున్నచో నిష్పత్తి 20. మొత్తము వాటాల విపణి విలువయైన 960 కోట్లను 48 కోట్లచే భాగించినను ఇదే ఫలితము వచ్చును.

ఈ కంపెనీ ఒకటికి ఒకటి చొప్పున బోనసు వాటాలను పంచినచో వాటాకు ఆర్జన 6 రూపాయలకు దిగును, ధరయు దాదాపు 120 రూపాయలకు దిగును, నిష్పత్తి మాత్రము మారదు. వాటా ముఖవిలువను విభజించినపుడును ఇంతే. ధర తగ్గినంత మాత్రమున వాటా చౌకయైనదని భ్రమించువారికి ఈ చిన్న లెక్క చాలును.

ఋణపత్రములను వాటాలుగా మార్చుకొను హక్కు గలవారును, ఉద్యోగులకిచ్చిన వాటా ఐచ్ఛికములును ఉన్నపుడు, భవిష్యత్తులో వాటాల సంఖ్య పెరుగు నవకాశము కలదు. పై కంపెనీలో అట్టి మార్పిడి వలన మరి 80 లక్షల వాటాలు ఏర్పడునని తలచి, లాభమున మార్పు లేదనుకొని లెక్కించినచో, ఆర్జన 10 రూపాయలకు తగ్గి నిష్పత్తి 24కు పెరుగును. 12 రూపాయలది మౌలిక ఆర్జన, 10 రూపాయలది పలుచబడిన ఆర్జన. భారతదేశమున ఈ రెండింటిని లాభనష్టముల పట్టికలోనే చూపవలెనని గణన ప్రమాణములు శాసించుచున్నవి. పెద్ద కంపెనీలకు వర్తించు ప్రమాణము ఇండ్ ఏఎస్ 33. (చూ. లాభనష్టముల పట్టిక, బోనసు వాటా.)

చరిత్ర

ఆదాయమును ఏదో యొక గుణకముచే హెచ్చించి ఆస్తి విలువ తేల్చు పద్ధతి కంపెనీల కంటె ప్రాచీనమైనది. ఇంగ్లండులో 17, 18 శతాబ్దములలో భూమి ధరను 'ఇన్ని యేండ్ల కౌలు' అని చెప్పుట పరిపాటి. భారతదేశమున 1894 నాటి భూసేకరణ చట్టము క్రింద నష్టపరిహారమును నిర్ణయించు సందర్భములలో, తోటలకును సాగుభూములకును సాలీనా నికరాదాయమును కొన్ని సంవత్సరముల గుణకముచే హెచ్చించు రీతిని న్యాయస్థానములు అవలంబించినవి. వాటాల నిష్పత్తి ఈ పాత గణితమునకు కొత్త వినియోగమే.

ఐనను అమెరికాలో 20వ శతాబ్దపు ప్రారంభము వరకు వాటాలను తూచుటకు ఆర్జన ప్రధాన కొలతగా లేదు. వాటా ముఖవిలువ యెంత, పుస్తకములలోని ఆస్తి విలువ యెంత, డివిడెండు నిలుకడగా వచ్చుచున్నదా యను ప్రశ్నలే అప్పటి జాగరూకులైన మదుపుదారులకు ముఖ్యము. కంపెనీలు తమ లాభములను వివరముగా వెల్లడింపని ఆ దినములలో అంతకు మించి అడుగుటకు అవకాశమును లేదు. 1924లో ఎడ్గార్ లారెన్స్ స్మిత్ ప్రకటించిన గ్రంథము, కంపెనీలు పంచిపెట్టక నిలువచేసికొను లాభము వలన సాధారణ వాటాలు దీర్ఘకాలమున బాండ్లను మించిన ఫలమిచ్చునని ప్రతిపాదించెను. సహేతుకమైన ఈ వాదమును ఆ దశాబ్దపు ఉత్సాహము, ఏ ధరకైనను వాటాలు కొనదగినవే యను నిర్ణయముగా మార్చుకొనెను. 1929లో వాటాల ధరలు కుప్పకూలుటతో దాని ఫలితము లోకవిదితమైనది.

ఆ పతనము తరువాత, న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున బోధించుచుండిన బెంజమిన్ గ్రాహం, తన సహాధ్యాపకుడు డేవిడ్ డాడ్‌తో కలసి 1934లో 'సెక్యూరిటీ ఎనాలిసిస్' అను గ్రంథమును వెలువరించెను. 1927–29 నాటి విజృంభణకు పూర్వము ఆర్జనకు పదింతలు ధర యనునది అంగీకృతమైన ప్రమాణముగా నుండెనని వారు చెప్పిరి. ఒకే యొక సంవత్సరపు ఆర్జనను గాక అనేక సంవత్సరముల సగటును తీసికొనవలెననియు, ఆ సగటుకు దాదాపు 16 రెట్లను మించి చెల్లించినచో దానిని మదుపు అనరాదనియు వారి సిద్ధాంతము. 1940 నాటి ద్వితీయ ముద్రణమున ఆ హద్దు 20కి జరిగినది. హద్దులు గీసినవారే వానిని జరుపవలసి వచ్చుట గమనింపదగిన విషయము. సామాన్య మదుపుదారుల కొరకు గ్రాహం 1949లో రచించిన 'ది ఇంటెలిజెంట్ ఇన్వెస్టర్' యొక్క 1973 ముద్రణలో, గడచిన మూడేండ్ల సగటు ఆర్జనకు ధర 15 రెట్లను మించరాదనియు, ధర–ఆర్జన, ధర–పుస్తక విలువ నిష్పత్తుల లబ్ధము 22.5ను దాటరాదనియు నియమము కనబడును.

నిష్పత్తికి గణితశాస్త్ర పునాది మరియొక మార్గమున వచ్చినది. వాటా విలువ యనగా భవిష్యత్తులో రాబోవు డివిడెండ్లన్నింటి నేటి విలువయే యని జాన్ బర్ విలియమ్స్ 1938లో ప్రతిపాదించెను. 1956లో మైరన్ గోర్డన్, ఎలీ షపీరోలు దానిని నిలుకడయైన పెరుగుదల గల సరళ సూత్రముగా కుదించిరి. ఈ సూత్రముతో ధర–ఆర్జన నిష్పత్తి అనుభవము నేర్పిన కొలబద్ద స్థితిని వీడి, కారణములు చెప్పదగిన సంఖ్యగా మారినది. (చూ. డివిడెండు తగ్గింపు పద్ధతి.)

భారతదేశమున ప్రవేశము

బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి 1875 నాటికే ఏర్పడినను, హైదరాబాదులో 1943లో ఎక్స్ఛేంజి వెలసినను, కొత్త వాటాలకు ధర నిర్ణయించు స్వేచ్ఛ స్వాతంత్ర్యానంతరము దీర్ఘకాలము కంపెనీలకు లేకుండెను. 1947 నాటి మూలధన జారీ నియంత్రణ చట్టము ప్రకారము కేంద్ర ప్రభుత్వపు నియంత్రణాధికారి ఆమోదించిన ధరకే వాటాలను జారీ చేయవలసియుండెను. ఆ కార్యాలయము అనుసరించిన పద్ధతిలో, కంపెనీ నికర ఆస్తుల విలువ యొకటి, సగటు లాభమును నిర్ణీత రేటుతో మూలధనీకరించగా వచ్చు లాభార్జన శక్తి విలువ యొకటి, ఈ రెండింటి సగటు ముఖ్యాధారము. వస్తూత్పత్తి కంపెనీలకు ఆ రేటు సామాన్యముగా 15 శాతము. అనగా లాభమునకు సుమారు ఆరున్నర రెట్లు మాత్రమే. పేరు చెప్పకపోయినను ఇది ధర–ఆర్జన నిష్పత్తియే: విపణికి బదులు ప్రభుత్వము దానిని నిర్ణయించినది. విపణిలో అంతకంటె మిక్కిలి హెచ్చుగా పలుకు వాటాలు ఈ ధరకు లభించుచుండుటచే, ఆనాటి జారీలకు దరఖాస్తులు పోటెత్తుటలో ఆశ్చర్యము లేదు.

1992లో ఆ చట్టము రద్దయి, ధర నిర్ణయము కంపెనీల పరమైనది. విపణి నియంత్రణ సంస్థయైన సెబీకి చట్టబద్ధమైన అధికారములు వచ్చినది ఆ సంవత్సరమే. స్వేచ్ఛతో పాటు వివరణభారమును కంపెనీలపై పడినది. ఆఫరు పత్రములో 'ధరకు ఆధారము' అను భాగమున గడచిన సంవత్సరముల ఆర్జనను, కోరుచున్న ధర వద్ద తేలు నిష్పత్తిని, అదే పరిశ్రమలోని ఇతర కంపెనీల నిష్పత్తులను చూపవలెనని సెబీ నిబంధనలు విధించినవి.

నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి తన నిఫ్టీ సూచీకి దినదినమును నిష్పత్తిని ప్రకటించును. చాలకాలము ఈ లెక్కలో కంపెనీల విడి ఆర్జననే తీసికొనుచుండిరి. 2021 ఏప్రిల్ నుండి అనుబంధ సంస్థల లాభనష్టములను కలుపుకొన్న సంయుక్త ఆర్జనకు మారిరి. ఆ మార్పుతో సూచీ నిష్పత్తి దాదాపు 40 నుండి దాదాపు 33కు దిగినది. ఏ వాటా ధరయు ఆ మేరకు తగ్గలేదు, ఏ కంపెనీయు హఠాత్తుగా లాభపడలేదు. హారము మారినది, అంతే. పాత సంవత్సరముల సూచీ నిష్పత్తులను నేటి వానితో సరిపోల్చువారు ఈ తేదీని మరువరాదు.

భేదములు

ఏ కాలపు ఆర్జనను హారముగా గ్రహింతుమో దానినిబట్టి నిష్పత్తి పలువిధములగును. గడచిన నాలుగు త్రైమాసికముల ఆర్జనపై లెక్కించునది గత నిష్పత్తి. ఇది జరిగిన దానిపై ఆధారపడినది గనుక నిర్ధారితము, కాని వాటా కొనువాడు కొనుచున్నది గతమును కాదు. రాబోవు సంవత్సరపు అంచనా ఆర్జనపై లెక్కించునది ముందస్తు నిష్పత్తి. ఇది భవిష్యత్తును చూచును, కాని చూచువారు విశ్లేషకులు. వారి అంచనాలు సంవత్సరారంభమున ఉదారముగా నుండి నెలలు గడచిన కొలది క్రిందికి దిగుట పలు దేశముల విపణులలో కనబడిన విషయము. ఒకే దినమున ఒకే వాటాకు ఒక నివేదికలో 28 అనియు మరియొక దానిలో 21 అనియు కనబడినచో, ఒకటి గత నిష్పత్తి, మరియొకటి ముందస్తు నిష్పత్తి యగుట తరచుగా కారణము.

మూడవది సగటు నిష్పత్తి. మంచి సంవత్సరములును చెడ్డ సంవత్సరములును కలిసిన ఆర్జనను తీసికొనవలెనన్న గ్రాహం భావమును, జాన్ క్యాంప్‌బెల్, రాబర్ట్ షిల్లర్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 1988లో విపణి మొత్తమునకు అన్వయించిరి. ధరల పెరుగుదలకు సవరించిన పది సంవత్సరముల సగటు ఆర్జనతో సూచీని భాగించు ఈ పద్ధతిచే తేలు సంఖ్య 'కేప్' అను పేర ప్రసిద్ధము.

పెరుగుదల రేటును కూడ లెక్కలోనికి తెచ్చుటకై నిష్పత్తిని ఆర్జన వార్షిక వృద్ధి శాతముచే భాగింపగా వచ్చునది 'పెగ్' నిష్పత్తి. ఫిడెలిటీ సంస్థలో నిధిని నడపిన పీటర్ లించ్ 1989 నాటి తన గ్రంథములో ఈ భావమును ప్రచారమునకు తెచ్చెను. నిష్పత్తి 20, వృద్ధి 20 శాతము అయినచో ఫలితము 1. అంతకు తక్కువయైన వాటా ఆకర్షణీయమని సాధారణ సూత్రము. వడ్డీ రేటును గాని, ఆ వృద్ధిని సాధించుటకు వలసిన పెట్టుబడిని గాని ఇది లెక్కింపదు గనుక, సౌకర్యము కొరకు వాడదగినదే తప్ప నిర్ణయమునకు ఆధారము కాజాలదు.

నిష్పత్తిని నిర్ణయించు కారణములు

ఒక వాటాకు 10 రెట్లు, మరియొక దానికి 50 రెట్లు చెల్లించుటకు మనుష్యులు ఏల సిద్ధపడుదురు? గోర్డన్ సూత్రము ప్రకారము, రాబోవు సంవత్సరపు ఆర్జనపై లెక్కించిన న్యాయమైన నిష్పత్తి మూడింటిపై ఆధారపడును: ఆర్జనలో డివిడెండుగా పంచు భాగము, మదుపుదారు కోరు రాబడి రేటు, ఆర్జన వృద్ధి రేటు. మొదటి దానిని, తక్కిన రెండింటి భేదముచే భాగింపవలెను. ఆర్జనలో 40 శాతము పంచు కంపెనీ నుండి మదుపుదారు 12 శాతము రాబడిని కోరుచు, 8 శాతము వృద్ధిని ఆశించినచో, 40ని 4చే భాగింపగా నిష్పత్తి 10. వృద్ధి 9 శాతమనుకొనినచో అది 13.3 అగును, 10 శాతమనుకొనినచో 20 అగును. రెండు శాతముల ఆశ ధరను రెట్టింపు చేసినది. అధిక నిష్పత్తి గల వాటాలు ఒక్క త్రైమాసికపు నిరాశకే కూలిపోవుటకు గల కారణము ఈ గణితములోనే యున్నది.

వృద్ధి యంతయు విలువైనది కాదను సంగతిని ఈ సూత్రమే చూపును. తనలో నిలువయుంచుకొన్న లాభముపై 12 శాతము మాత్రమే ఆర్జింపగల కంపెనీ, ఆర్జనలో 60 శాతమును నిలువయుంచుకొనినచో ఏటా 7.2 శాతము పెరుగును. మదుపుదారు కోరునది 12 శాతమే యైనచో, 40ని 4.8చే భాగింపగా నిష్పత్తి 8.33. అసలు వృద్ధియే లేక లాభమంతయు పంచిపెట్టు కంపెనీకి తేలు నిష్పత్తియు 100ని 12చే భాగింపగా వచ్చు ఆ 8.33 మాత్రమే. అనగా మూలధన వ్యయమును, అంటే మదుపుదారు కోరు రాబడిని, మించి ఆర్జింపలేని కంపెనీ యెంత పెరిగినను వాటాదారునకు ఒరుగునది లేదు. పెద్ద నిష్పత్తికి అర్హత తెచ్చునది పెరుగుదలకు పెట్టిన ధనముపై వచ్చు ఫలమే. ఆచరణలో ఈ విషయము మిక్కిలి తరచుగా మరువబడుచున్నది. (చూ. వాటాదారుల నిధిపై రాబడి.)

వడ్డీ రేటు కోరు రాబడిని మార్చును గనుక నిష్పత్తిని సైతము మార్చును. పదేండ్ల ప్రభుత్వ బాండు 7 శాతమిచ్చుచున్నపుడు, దానికి చెల్లించు ధర దాని వడ్డీకి 14 రెట్లకు కొంచెము పైబడి యుండును. అపాయము లేని పత్రముతో పోల్చి వాటాకు ఎన్ని రెట్లు తగునని మదుపుదారు యోచించును. బాండు రాబడిని వాటాల ఆర్జన రాబడితో నేరుగా సరిచూచు పద్ధతికి 1997లో ఎడ్వర్డ్ యార్డెని 'ఫెడ్ మోడల్' అని పేరు పెట్టెను. కాని కంపెనీ ఆర్జన ధరల పెరుగుదలతో పాటు పెరుగగలదు, బాండు వడ్డీ పెరుగజాలదు. ఈ భేదమును గుర్తింపక విపణి పొరబడుచున్నదని ఫ్రాంకో మొడిలియానీ, రిచర్డ్ కోన్ 1979లోనే వాదించియుండిరి.

అప్పు ప్రభావము సూక్ష్మమైనది. అప్పు చేసి వాటాలను తగ్గించుకొన్న కంపెనీకి వాటాకు ఆర్జన పెరుగవచ్చును, నిష్పత్తి తగ్గవచ్చును. చౌకగా కనబడు వాటాలో చౌకయైన భాగము కేవలము పెరిగిన అపాయమే కావచ్చును.

హారమునందలి దోషములు

పైని చెప్పిన 48 కోట్ల లాభము గల కంపెనీ ఒక స్థలమును అమ్మి మరి 20 కోట్లు సంపాదించినదనుకొందము. ఆర్జన వాటాకు 17 రూపాయలకు పెరిగి, 240 రూపాయల ధర వద్ద నిష్పత్తి 14కు దిగినట్లు కనబడును. మరుసటి సంవత్సరము అమ్ముటకు స్థలముండదు. ఇట్టి ఒక్కసారి వచ్చు రాబడిని వేరుచేసి చూడవలెను.

నిజమైన వ్యాపారలాభమునకును కాలపరిమితి యుండవచ్చును. హైదరాబాదు కంపెనీయైన డాక్టర్ రెడ్డీస్, ఫ్లూఆక్సెటిన్ 40 మిల్లీగ్రాముల మందును అమెరికాలో 180 దినములు ఏకైకముగా విక్రయించు హక్కును 2001 ఆగస్టులో పొందినది. ఆ సంవత్సరపు లాభము దానిచే విశేషముగా పెరిగినది. గడువు ముగిసిన పిమ్మట పోటీదారులు ప్రవేశింపగా ఆ ఆదాయము తరుగుట అనివార్యము. ఔషధ పరిశ్రమలో అట్టి సంవత్సరపు ఆర్జనను శాశ్వతమైన దానివలె గుణించినవాడు నిష్పత్తిని తప్పుగా చదివినవాడగును.

పన్ను మార్పులును హారమును కదలించును. 2019 సెప్టెంబరు 20న కేంద్ర ప్రభుత్వము దేశీయ కంపెనీల పన్ను మూలరేటును 22 శాతమునకు తగ్గించినపుడు, వ్యాపారము రవ్వంతయు పెరుగకయే పెక్కు కంపెనీల నికరాదాయము పెరిగినది.

వీటి యన్నింటి కంటె ఘోరమైనది కల్పిత ఆర్జన. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అధ్యక్షుడు 2009 జనవరి 7న తన బోర్డుకు వ్రాసిన లేఖలో, లేని నగదును ఉన్నట్లు చూపితిమని అంగీకరించెను. ఆ మొత్తము 5,040 కోట్ల రూపాయలు. 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికమునకు 649 కోట్లుగా చూపిన నిర్వహణలాభము వాస్తవమునకు 61 కోట్లేయని ఆ లేఖ తెలిపినది. అంతవరకు ఆ వాటాకు లెక్కింపబడిన ప్రతి నిష్పత్తియు గణితముగా సరియైనదే, అర్థమున శూన్యమైనది. ఆ యొక్క దినముననే వాటా ధర నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయినది. ఆర్జనను నగదు ప్రవాహముతోను, నగదును బ్యాంకు ధ్రువపత్రములతోను సరిచూడక నిష్పత్తిని నమ్మరాదను హెచ్చరికకు ఇంతకు మించిన ఉదాహరణము తెలుగు పాఠకులకు అక్కరలేదు.

చక్రీయ పరిశ్రమలు

ఉక్కు, సిమెంటు, చక్కెర వంటి పరిశ్రమలలో లాభములు కొన్ని యేండ్లు పొంగి కొన్ని యేండ్లు ఎండును. లాభము శిఖరము చేరిన సంవత్సరమున, అది నిలువదని విపణి గ్రహించును గనుక ధర అంతగా పెరుగదు. నిష్పత్తి 5, 6 వరకు దిగి వాటా మిక్కిలి చౌకగా తోచును. లాభము అడుగంటినపుడు నిష్పత్తి 60, 70 వరకు లేచును లేదా లెక్కకే అందదు. నికొలస్ మొలొడోవ్‌స్కీ 1953లో దీనిని సిద్ధాంతీకరించెను గనుక ఇది అతని పేరనే ప్రసిద్ధము. ఇట్టి వాటాలను నిష్పత్తి హెచ్చుగా నున్నపుడు కొని తక్కువగా నున్నపుడు అమ్మవలెనని అనుభవజ్ఞులు చెప్పు మాట వినుటకు వింతగా తోచినను, దానికి హేతువు ఇదియే.

విపణి మొత్తమునకును ఇది వర్తించును. 2009లో అమెరికా బ్యాంకులు భారీ నష్టములను లెక్కలలో వ్రాసికొనగా, ఎస్ అండ్ పీ 500 సూచీ యొక్క గత నిష్పత్తి ఆ సంవత్సర మధ్యమున నూటిని దాటినది. ఆ సంఖ్యను చూచి వాటాలు అతిప్రియమని వెనుదీసినవారు, సూచీ మార్చి నెలలో అడుగు తాకి పైకి మరలిన కాలముననే వెనుదీసిరి.

పరిశోధనలు

తక్కువ నిష్పత్తి గల వాటాలు తరువాతి కాలమున అధిక ఫలమిచ్చునా యను ప్రశ్నను 1960లో ఫ్రాన్సిస్ నికల్సన్ పరిశీలించి, 1939–59 నడుమ ఔననియే తేల్చెను. సంజయ్ బసు 1977లో న్యూయార్కు ఎక్స్ఛేంజి వాటాలపై, అపాయమును సైతము లెక్కించి, ఇదే ఫలితమును దృఢతరముగా నిరూపించెను. విపణి ధరలలో సమస్త సమాచారము ఇమిడియుండునను సిద్ధాంతము ప్రబలియున్న ఆ దినములలో ఇది ఇబ్బందికరమైన నిరూపణము. యూజీన్ ఫామా, కెన్నెత్ ఫ్రెంచ్ 1992లో, కంపెనీ పరిమాణమును, పుస్తక విలువకు ధరతో గల సంబంధమును లెక్కించిన పిమ్మట ఆర్జన నిష్పత్తికి ప్రత్యేక ప్రభావము మిగులదని చూపిరి. తక్కువ నిష్పత్తి వలన వచ్చు అధిక ఫలము అధిక అపాయమునకు ప్రతిఫలమా, లేక మనుష్యుల అత్యాశా నిరాశల ఫలితమా యనునది నేటికిని తేలలేదు. మొదటి పక్షమునకు మొగ్గిన ఫామాకును, రెండవ పక్షమువాడైన షిల్లరుకును 2013లో నోబెల్ బహుమానము కలిపి యిచ్చిరి.

దీర్ఘకాల సగటు నిష్పత్తి రాబోవు సంవత్సరమును గూర్చి దాదాపు ఏమియు చెప్పదు. రాబోవు పదేండ్లను గూర్చి కొంత చెప్పును. అమెరికా విపణిలో ఆ సంఖ్య 1929లో 30ని దాటినది, 1999–2000 నడుమ 44 వరకు చేరినది. ఆ తరువాతి దశాబ్దముల ఫలములు దయనీయములు. కాని 1996లోనే విపణి హెచ్చుగా నున్నదని హెచ్చరించినవారు అటుపై మూడేండ్లకు పైగా విపణి పెరుగుటనే చూడవలసివచ్చెను.

అధిక నిష్పత్తుల కాలములు

అమెరికాలో 1970 ప్రాంతమున, ఏ ధరకైనను కొని యెన్నడును అమ్మనక్కరలేనివిగా ఏబది పెద్ద కంపెనీలకు పేరు వచ్చినది. 1972 చివర వాని సగటు నిష్పత్తి 40కి పైగా నుండెను. పోలరాయిడ్ వాటాకు అది 90ని దాటినది. 1973–74 పతనమున ఇవి మిక్కిలి నష్టపోయినవి, పోలరాయిడ్ 2001లో దివాలా తీసినది. ఐనను ఆ ఏబదింటిని కలిపి పాతికేండ్లు ఉంచుకొన్నవానికి విపణి సగటుకు చేరువయైన ఫలమే దక్కినదని జెరెమీ సీగెల్ చూపెను. కనుక అధిక నిష్పత్తి యెల్లపుడును దోషమని నిర్ణయించుటకును వీలులేదు.

జపానులో 1989 డిసెంబరు 29న నిక్కీ సూచీ 38,915 వద్ద ముగిసినపుడు టోక్యో విపణి నిష్పత్తి 60కి పైబడి యుండెను. కంపెనీలు పరస్పరము వాటాలను కలిగియుండుటచేతను, అచటి గణనపద్ధతులచేతను ఆ సంఖ్య కొంత ఉబ్బినదనుట నిజమే. కాని ఆ సూచీ తిరిగి ఆ యెత్తును దాటుటకు 2024 ఫిబ్రవరి వరకు పట్టినది. బొంబాయిలో 1992 ఏప్రిల్ నాటి విజృంభణమున సెన్సెక్సు నిష్పత్తి 50ని దాటినది. ఆనాడు ధరలను సమర్థించుటకు, కంపెనీని నేడు కొత్తగా నిర్మించుటకు ఎంత ఖర్చగునో వాటాకు అంత విలువ యుండవలెనను వాదమును ముందుకు తెచ్చిరి. ఆర్జనతో ధర పొసగనపుడు ఆర్జననే ప్రక్కకు నెట్టు వాదములు పుట్టుట ఇట్టి కాలములన్నింటికిని సామాన్య లక్షణము.

వినియోగమునకు హద్దులు

నిష్పత్తి ప్రయోజనము పోలికయందున్నది. ఆ పోలిక మూడు విధములు: అదే పరిశ్రమలోని ఇతర కంపెనీలతో, అదే కంపెనీ గత సంవత్సరములతో, విపణి సూచీతో. సబ్బులు, టూత్‌పేస్టులు అమ్ము కంపెనీ నిష్పత్తిని ప్రభుత్వరంగ బొగ్గు కంపెనీ నిష్పత్తితో పోల్చుట నిష్ప్రయోజనము. వాని వృద్ధియు, నిలుకడయు, లాభపంపకమును వేరు. బ్యాంకులకు పుస్తక విలువతో పోలికయు, అప్పు హెచ్చుగా గల మౌలిక వసతుల కంపెనీలకు అప్పును కలుపుకొన్న మొత్తము సంస్థ విలువను వడ్డీ, పన్ను, తరుగుదలలకు ముందు లాభముతో భాగించు పద్ధతియు మెరుగైన కొలతలు. పలు వ్యాపారములను నడపు కంపెనీకి ఒక్కొక్క శాఖను విడిగా విలువ కట్టి కూడుదురు. (చూ. పుస్తక విలువ, సంస్థ విలువ.)

నష్టములలో నున్న కంపెనీకి ఈ నిష్పత్తియే లేదు. ఋణసంఖ్య వచ్చినను దానికి అర్థము లేదు. 2021లో జొమాటో మొదలగు నష్టముల కంపెనీలు వాటాల విక్రయమునకు వచ్చినపుడు, ఆఫరు పత్రములో నిష్పత్తి యుండవలసిన చోట ఏమియు చెప్పజాలని స్థితి యేర్పడినది. సంప్రదాయ గణన నిష్పత్తులు ఇట్టి కంపెనీలకు చాలవని గుర్తించి, వ్యాపారమునకు సంబంధించిన ముఖ్య పనితీరు సూచికలను సైతము ధరకు ఆధారమను భాగములోనే వెల్లడింపవలెనని సెబీ 2022లో నిబంధన చేసినది.